పక్క సీటు బ్రేకు

నాకు ముక్కు మీద కోపం అంటారు అందరూ. శుద్ధ అబద్ధం. నా కోపం ముక్కు మీద ఉండదు, కుడికాల్లో ఉంటుంది.

నేను డ్రైవింగ్ స్కూలు నడుపుతాను. స్టీరింగు నేర్చుకునేవాళ్ళ చేతిలో ఉంటుంది, నేను పక్క సీట్లో ఉంటాను, నా కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది. ముందున్నవాడు తప్పు చేస్తే నోరు తెరిచి అరిచేలోపు నా కాలు పని కానిచ్చేస్తుంది. ఇన్నేళ్ళ తర్వాత ఆ కాలు నా మాట వినడం మానేసింది. టీవీలో ఎవడైనా చూసుకోకుండా రోడ్డు దాటితే మా ఇంట్లో టీపాయి ఎగిరిపడుతుంది. ఒకసారి పళ్ళ డాక్టరు నొప్పి లేని పన్ను పట్టుకున్నాడు. ఆయన కుర్చీకున్న కాలిపీట ఊడి గోడకి తగిలింది. ఇప్పుడు నన్ను చూస్తే ముందు పీట తీసి పక్కన పెట్టుకుంటాడు.

ఇక మా కొడుకు సంగతి. వాడు నా దగ్గరే పనిచేస్తాడు, రెండో కారు వాడిదే. కోడలు కూడా ఈ స్కూల్లోనే దొరికింది. నేను ఆ పిల్లకి రివర్సు నేర్పుతుంటే వాడు వెనక సీట్లో కూర్చుని అద్దంలో చూస్తూ ఉండేవాడు. అద్దంలో ఎంత చూసుకున్నారో, పెళ్ళయ్యాక అంత పోట్లాడుకున్నారు. తప్పు చెరిసగం, నన్నడిగితే. నన్నెవరూ అడగలేదు. విడాకులు అయిపోయాయి. మిగిలింది భరణం ఎంత, పిల్ల ఖర్చు ఎంత అన్న లెక్క.

పిల్ల అంటే మా హారన్. పుట్టగానే పెట్టిన కేకకి ఆస్పత్రి వరండాలో పోతున్నవాళ్ళు పక్కకి తప్పుకున్నారు, అందుకని ఆ పేరు నేనే పెట్టాను. స్కూలుకెళ్ళే వయసొచ్చినా గొంతు తగ్గలేదు. ఆదివారం ఆదివారం నా దగ్గరికొచ్చేది. ఇద్దరం కలిసి స్కూలు కార్లు కడిగేవాళ్ళం. పైపు దాని చేతిలో ఉంటే కారు కంటే నేనే ఎక్కువ తడిసేదాన్ని. డబ్బుల కేసు మొదలయ్యాక కోడలు, "కోర్టు ఏదో ఒకటి తేల్చనీ అత్తయ్యా, తర్వాత చూద్దాం" అంది. తను చెడ్డది కాదు, అలిసిపోయింది. కానీ నా ఆదివారాలు పోయాయి. ఒక్కదాన్నే పైపు పట్టుకుని నిలబడితే ఏడుపొచ్చింది, సిగ్గు లేకుండా చెబుతున్నాను.

అందుకే మా వాడొచ్చి, "అమ్మా, రేపు కోర్టుకి రా. నువ్వు కనబడితే ఆదివారాలు మనకొస్తాయట, లాయరన్నాడు" అనగానే నేను ఎగిరి గంతేశాను. ఉన్నవాటిలో మంచి శాలువా ఇస్త్రీ చేసుకున్నాను.

లాయరు కంటే ముందు ఆయన సెంటు వచ్చింది. కోర్టు వరండా ఆ చివర నుంచే ముక్కు అదిరింది. సెంటు వెనకాల లాయరు, లాయరు వెనకాల ఒక చక్రాల కుర్చీ.

"అయ్యో పాపం, ఎవరికండీ?" అన్నాను.

"మీకే" అన్నాడు.

"నాకేం రోగం?"

"ఉండాలి. చూడమ్మా, జడ్జి గారు లెక్క ఎలా కడతారంటే, మగవాడి సంపాదన ఎంత, అందులో ఎన్ని నోళ్ళు తినాలి అని చూస్తారు. ముసలి తల్లి, నడవలేదు, కొడుకు తప్ప దిక్కు లేదు అని కంటికి కనబడితే పెళ్ళానికీ పిల్లకీ ఇవ్వాల్సింది తగ్గుతుంది. మీరు నోరు తెరవక్కర్లేదు. కూర్చుంటే చాలు. కూర్చోవడం అబద్ధం కాదుగా?"

"ఒరేయ్!" అని మా వాడి వైపు తిరిగాను. వాడు నేల మీద గచ్చు పలకల్ని కొనడానికి వచ్చినవాడిలా పరీక్షగా చూస్తున్నాడు.

"మరి ఆదివారాలు?" అన్నాను.

"కూర్చుంటేనే" అన్నాడు సెంటు లాయరు.

కూర్చున్నాను. హారన్ కోసం ఉయ్యాల్లో పడుకోమన్నా పడుకునేదాన్నే. కూర్చున్నాక మాత్రం వృత్తి బుద్ధి ఎక్కడికి పోతుంది! ఎడమ చక్రం ఒక పక్కకి లాగుతోంది. "అలైన్‌మెంటు పోయిందిరా. మలుపులో అంత కోసెయ్యకు, వెడల్పుగా తిప్పు" అంటున్నాను. "అమ్మా, నీకు ఓపిక లేదు, గుర్తుపెట్టుకో" అని వాడు పళ్ళ సందుల్లోంచి గొణుగుతున్నాడు.

ఎదురుగా కోడలు వచ్చేసింది, పక్కన కళ్ళజోడు పెట్టుకున్న సన్నపాటి లాయరమ్మ. కోడలు ఆస్పత్రిలో ఫిజియోథెరపీ చేస్తుంది. కాళ్ళు పడిపోయినవాళ్ళని లేపి నడిపించడమే తన పని. హారన్ మధ్యాహ్నానికే ఇంటికొచ్చేస్తుందని పొద్దుటి పూట మాత్రమే చేస్తోంది. నన్ను కుర్చీలో చూసి గుండె ఆగినట్టు నిలబడిపోయింది. తర్వాత పైనుంచి కిందికి చూసింది. దగ్గరికొచ్చి, వంగి, శాలువా సర్దుతున్నట్టు సర్ది, చెవిలో అంది: "అత్తయ్యా, కాళ్ళు పడిపోయినవాళ్ళు కాలు మీద కాలేసుకుని కూర్చోరు."

గబుక్కున కాలు దించేశాను. తను పెదవి కొరుక్కుని, భుజాలు అదురుతుంటే లోపలికి వెళ్ళిపోయింది. ఏడ్చిందేమో అనుకున్నాడు మా పిచ్చి వెధవ. నాకు నవ్వొచ్చింది, వెంటనే తల కొట్టేసినట్టయింది కూడా.

కోర్టు గది అంటే ఏదో అనుకున్నాను. బల్లలు, కుర్చీలు, ఒక గడియారం, అంతే. మా ఆఫీసు గది కంటే కాస్త పెద్దది. జడ్జి గారు ఆడమనిషి, జలుబు చేసి ముక్కంతా ఎర్రగా ఉంది. సెంటు లాయరు దగ్గరికి వెళ్ళేసరికి రెండు తుమ్ములు తుమ్మి, "మీరు అక్కడి నుంచే మాట్లాడండి" అంది. మా వాడు నన్ను బల్లల మధ్య దారిలో పార్కు చేసి తన చోటికి పోయాడు. ఆ గది నేల వాకిలి నుంచి జడ్జి గారి వైపు రవ్వంత వాలుగా ఉంది. నేను గమనించాను. ఇలాంటివి గమనించడమే నా బతుకు. గమనించి కూడా ఊరుకున్నాను, ఎందుకంటే ఓపిక లేనిదాన్ని కదా.

లాయరు మొదలెట్టాడు. "నా క్లయింటు ఒక చిన్న డ్రైవింగ్ స్కూల్లో చాలీచాలని జీతానికి పనిచేస్తున్నాడండి."

"యజమాని ఇచ్చిన జీతం కాగితం ఏది?" అంది జడ్జి గారు.

"ఎంత బతిమాలినా ఇవ్వట్లేదండి. ఆ యజమానురాలు మహా గయ్యాళి. పిసినారి. పనివాళ్ళ రక్తం తాగుతుంది."

టంగుమంది. నా కాలు! కాలిపీట ఇనుపది, గదంతా మోగింది. జడ్జి గారు తలెత్తి చూసింది. నేను గోడ మీద గడియారాన్ని చూశాను. అప్పుడు తెలిసింది నాకు, నేనే ఆ యజమానురాలినని ఈ లాయరుకి తెలియదు. అమ్మ దగ్గర జీతం తీసుకుంటున్నానని చెప్పుకోవడం మా వాడికి నామోషీ. నన్నెవరూ ఏ కాగితమూ అడిగిన పాపాన పోలేదు.

"ఆ జీతంలోనే ఈ తల్లిని పోషించాలి. రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. మందులు, మనిషి సాయం..."

టంగ్!

"చచ్చుబడిన కాళ్ళు బాగానే చప్పుడు చేస్తున్నాయే" అంది జడ్జి గారు ముక్కు తుడుచుకుంటూ.

"అది... అది నరాల అదురండి. జబ్బులో భాగమే" అన్నాడు లాయరు, ఒక్క క్షణం తడబడకుండా. మనిషి గట్టివాడే, ఒప్పుకోవాలి. కోడలు మాత్రం చేతిరుమాలు నోట్లో కుక్కుకుని కిటికీలోంచి బయటికి చూస్తోంది. తనకి ఒక్క మాట చాలు నన్ను బయటపెట్టడానికి. అనలేదు. అనకుండా ఇటు తిరిగి నన్నే చూసింది, ఎంతసేపు కూర్చుంటారో కూర్చోండి అన్నట్టు.

అప్పుడు కళ్ళజోడు లాయరమ్మ లేచింది. నెమ్మదైన గొంతు. "పాప స్కూలు, ఇంటద్దె, పాపని చూసుకోవడం కోసం తల్లి వదులుకున్న సగం రోజు ఉద్యోగం, ఇవన్నీ రాసి ఇచ్చామండి. వీళ్ళు ఇస్తామన్న దాంతో మావాళ్ళు ఈ ఊళ్ళో అద్దె కూడా కట్టలేరు. అంతే అయితే ఈ నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేసి, ఈమె పాపని తీసుకుని తన అన్నయ్య ఊరు వెళ్ళిపోతుంది. రాత్రంతా ప్రయాణం అక్కడికి. ఇంకో దారి లేదు."

రాత్రంతా ప్రయాణం. ఆదివారాల కోసం నేను ఈ కుర్చీలో కూర్చుంటే, నేను కూర్చున్నందుకే ఆదివారాలు పోతున్నాయి! వద్దు వద్దు, ఆపండి అని అరవబోయాను. నోటి కంటే ముందు కాలు లేచింది. బండి లోయలోకి పోతుంటే తొక్కినట్టు, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తొక్కాను.

కాలిపీట విరిగింది. కుర్చీ కదిలింది.

హ్యాండ్ బ్రేకు వెయ్యలేదు. మా వాడు వెయ్యలేదు, నేను చూసుకోలేదు. బండి ఆపగానే హ్యాండ్ బ్రేకు, హ్యాండ్ బ్రేకు అని ఊరందరి చెవులూ చిల్లులు పడేలా అరిచే తల్లీకొడుకులం, ఇద్దరం మర్చిపోయాం. ఆ వాలులో కుర్చీ నన్నేసుకుని సోకుగా జడ్జి గారి బల్ల మీదికి బయల్దేరింది. ఎడమ చక్రం లాగుతోంది కదా, దారిలో సెంటు లాయరు వైపు మళ్ళింది. ఆయన ఫైళ్ళు వదిలేసి బల్ల ఎక్కాడు.

"అమ్మా! హ్యాండ్ బ్రేకు! కుడి పక్క! స్టీరింగు వదలకు!" మా వాడు లేచి, పాఠం చెప్పే గొంతుతో అరిచేశాడు.

"దీనికి స్టీరింగు ఎక్కడ ఏడ్చిందిరా!" అని నేనూ అరిచి, రెండు కాళ్ళూ నేల మీద ఆనించి, కుర్చీని వెనక్కి తన్ని నిలబడ్డాను. బల్లకి జానెడు దూరంలో నేను, నా వెనక ఖాళీ కుర్చీ. జడ్జి గారు తుమ్మబోయి తుమ్మడం మర్చిపోయింది.

లాయరు బల్ల మీది నుంచే కొత్త కథ అందుకున్నాడు. "అద్భుతమండి! భయానికి నరాలు పనిచేశాయి! పాపం, పెద్దావిడకి మతి కూడా స్థిమితంగా ఉండదు. ఆమధ్య రివర్సు చేస్తూ దీపస్తంభాన్ని గుద్దిన దగ్గర్నుంచీ..."

మనవరాలి కోసం లేచి నిలబడ్డానని చెప్పుకోవచ్చు, బాగుంటుంది. నోరు తెరిచింది మాత్రం దీపస్తంభం గురించే.

"ఎవరు గుద్దింది? నేనా? దీపస్తంభాన్నా? నా జన్మలో నా బండి మీద గీత పడలేదు! ఈ గదిలో సగం మందికి నేను నేర్పిందే. తలుపు దగ్గర నిలబడ్డ ఆ బంట్రోతుని అడగండి, క్లచ్చు ఎవరు నేర్పారో!" బంట్రోతు అటెన్షన్లో నిలబడ్డాడు. "నేను నడుస్తానండీ. నడుపుతాను కూడా. ఈయన చెప్పిన గయ్యాళి యజమానురాలిని నేనే. రక్తం తాగేదాన్ని నేనే. వీడు నన్ను పోషించడం కాదు, వీడికి జీతం ఇచ్చేది నేను!"

కోడలి నోట్లోంచి రుమాలు జారింది. ఆ నవ్వు హారన్ నవ్వే, ఇన్నాళ్ళూ అది ఎవరి పోలికో తెలియలేదు నాకు.

జడ్జి గారు నవ్వలేదు. పెదవులు బిగపట్టుకుని, "అయితే యజమాని గారూ, మీ అబ్బాయి జీతమెంత?" అంది.

మా వాడు నన్ను చూశాడు. చిన్నప్పుడు గ్లాసు పగలగొట్టి చూసే చూపు. అమ్మ చెప్పదులే అన్న చూపు. ఒక్కగానొక్క కొడుకు. ఇటు చూస్తే కోడలు నవ్వు ఆపేసి, వేళ్ళు పట్టుకుని కూర్చుంది.

చెప్పాను. చిల్లరతో సహా చెప్పాను. లాయరు రాయించింది సరిగ్గా అందులో సగం.

జడ్జి గారు కలం తీసి, మా వాడికి అర్థమయ్యేట్టు ఒక్కొక్కటే చెప్పింది. "తండ్రి ఎంతని చెబితే అంత కాదు, ఎంత సంపాదిస్తున్నాడో, ఎంత సంపాదించగలడో అది చూస్తాం. తల్లి జీతమూ చూస్తాం. పిల్ల నిన్నటిదాకా ఎలా బతికిందో, మీరు విడిపోయారని రేపు అంతకంటే తక్కువగా బతకకూడదు. ఆ ఖర్చు మీ ఇద్దరి సంపాదనల్ని బట్టి పంచుతాను. పిల్ల ఖర్చు పిల్లది. భరణం వేరే. అది ఆమె మళ్ళీ పూర్తి రోజు ఉద్యోగంలో చేరి నిలదొక్కుకునేదాకా. మీకూ తిండీ బట్టా ఉండాలి, అదీ లెక్కలో వేశాను. మీ అమ్మగారిని మాత్రం వెయ్యలేదు. ఆవిడ ఏ లెక్కకీ లొంగేట్టు లేదు." తర్వాత సెంటు లాయరు వైపు తిరిగి, "మిగతా సంగతి మీతో విడిగా మాట్లాడతాను. బల్ల దిగండి" అంది.

వేసిన అంకె మా వాడిని చంపేది కాదు, కోడలిని ఊళ్ళో నిలబెట్టేది. ఆ మొత్తం ప్రతి నెలా జీతంలోంచి కోసి, యజమాని నేరుగా కోడలికి అందజెయ్యాలని రాసింది. యజమాని అంటే నేను!

"బ్యాంకులో వేస్తారా?" అని నన్నడిగింది జడ్జి గారు.

"చేతికే ఇస్తానండీ, ఇంటికెళ్ళి" అన్నాను టక్కున. "ఆదివారమైతే నాకు తీరిక."

జడ్జి గారు కోడలి వైపు చూసింది. కోడలు తలూపింది. "రసీదు తీసుకోండి. ఆదివారాలు పాప నానమ్మ దగ్గర, తండ్రి దగ్గర" అని రాసి, ఇంతసేపు ఆపుకున్న తుమ్ము తుమ్మింది.

తిరుగుదారిలో నేనే బండి నడిపాను. మా వాడు పక్క సీట్లో మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. వెనక సీట్లో ఆ చక్రాల కుర్చీ, విరిగిన కాలిపీటకి నేనే డబ్బు కట్టి అద్దె షాపులో అప్పగించాలి. వేలితో కారు అద్దం మీద గీతలు గీస్తూ అన్నాడు: "అందరూ ఆవిడ పక్కనే ఉన్నారు. కనీసం నువ్వైనా నా పక్కన ఉండొద్దా అమ్మా?"

"నీ పక్కనే ఉన్నానురా వెధవా" అన్నాను. "పక్కన కూర్చున్నవాళ్ళ పనేంట్రా మరి? బ్రేకు వెయ్యడమే కదా. నువ్వు రోజూ చేసేదీ అదేగా."

అంతలో ఒక కుర్రకుంక ఫోను చూసుకుంటూ అడ్డం పడ్డాడు. నా కాలు పడింది, మా వాడి కాలూ పడింది. రెండు బ్రేకులూ ఒకేసారి! బండి పాతేసినట్టు ఆగింది. వెనకనుంచి చక్రాల కుర్చీ ఎగిరొచ్చి మా ఇద్దరి మధ్య ఇరుక్కుంది. వాడు దాన్ని చూశాడు, నన్ను చూశాడు. "హ్యాండ్ బ్రేకు వెయ్యలేదమ్మా మళ్ళీ" అన్నాడు. ఇక నవ్వడం మొదలెట్టాం. కడుపు పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వాం. వాడి నీళ్ళు నవ్వువి మాత్రమే కావు, నాకు తెలుసు. వెనక బళ్ళవాళ్ళు హారన్లు కొడుతూనే ఉన్నారు.

"వాళ్ళన్నయ్య ఊరు పోతారని నాకు నిజంగా తెలియదమ్మా" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "తక్కువిస్తే డబ్బు మిగులుతుందనుకున్నాను. హారన్ దూరమవుతుందనుకోలేదు."

ఆదివారం కోడలి ఇంటికి వెళ్ళాం. వాడు మెట్లెక్కడానికి మొహం చెల్లక కారులోనే ఉండిపోయాడు. నేను కవరు పట్టుకుని పైకెళ్ళాను. కోడలు తలుపు తీసి, ఒక కుర్చీ లాగి, "కూర్చోండి అత్తయ్యా" అంది.

"అమ్మా, నువ్వేం చెయ్యమన్నా చేస్తాను, కూర్చోమని మాత్రం అనకు."

తను పగలబడి నవ్వింది. కవరు విప్పి చూడకుండా బల్ల మీద పెట్టింది, రసీదు మీద సంతకం గీసింది. గది మూల కట్టి పెట్టిన అట్టపెట్టెలు కనబడ్డాయి నాకు. నేను చూడటం చూసి, "విప్పెయ్యాలి ఇవన్నీ" అంది. "అన్నయ్యకి ఫోన్ చేసి రావట్లేదని చెప్పేశాను."

తన చెయ్యి పట్టుకుని ఊరికే నిలబడ్డాను.

కిందనుంచి కారు హారను మోగింది, ఆపకుండా, వీధి వీధంతా కిటికీలు తెరుచుకునేట్టు. హారన్ ఎప్పుడు దిగిపోయిందో, వాళ్ళ నాన్న ఒళ్ళో ఎక్కి రెండు చేతులతో నొక్కుతోంది. "నానమ్మా, రా! కార్లు మురికి పట్టిపోయాయి!" అని దాని అసలు హారను కూడా మోగించింది. నేను మెట్లు రెండేసి చొప్పున దిగాను.